అతుకు దాచవచ్చా?

విరిగిన వస్తువును అతికించాక ఆ అతుకు ఎవరికీ కనపడకుండా దాచిపెట్టవచ్చా? ఈ ప్రశ్న మీద వ్యాసం రాస్తానంటే మా తెలుగు టీచర్ గారు కాసేపు నా వైపు చూసి, "సత్యం గొప్పదా స్నేహం గొప్పదా, అలాంటిదేదైనా రాయరాదూ?" అన్నారు. సత్యం గురించి విడిగా పట్టుకుని రాయడం నాకు చేతకాదు. నాకు తెలిసినవి ఫోమ్ బోర్డు, జిగురు, నేల మీద పడిన విమానం. వాటి దారినే పోతే ఆ సత్యం సంగతి కూడా మధ్యలో తగులుతుందని చెప్పి ఒప్పించాను. కాబట్టి మీరు కొంచెం ఓపిక పట్టి చదవాలి.

నేను ఎగరేసేవి రిమోట్ కంట్రోల్ విమానాలు. చూడ్డానికి బొమ్మలే. కానీ నా దగ్గరున్న దాని రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగడుగులు. ముక్కు దగ్గర మోటారు, దానికి ప్రొపెల్లర్, కడుపులో బ్యాటరీ. రెక్కల వెనక అంచుల్లో, తోకలో కదిలే పలకలు ఉంటాయి. వాటిని కదపడానికి అగ్గిపెట్టెంత సర్వో మోటార్లు నాలుగు. చేతిలోని రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో చెప్పిన మాటను అవి వింటాయి. వింటే ఎగురుతుంది, వినకపోతే పడుతుంది.

మద్రాసుకీ విమానాలకీ పాత చుట్టరికమే ఉంది. మౌంట్ రోడ్డులో హోటల్ నడిపిన డి'ఏంజెలిస్ అనే ఆయన 1910లోనే ఇక్కడ విమానం తయారు చేయించి ఎగరేశాడు. అబ్దుల్ కలాం గారు చదివిన క్రోంపేట ఎం.ఐ.టి.లో అప్పట్లో రెండు పాత విమానాలు పెట్టి ఉండేవట. వాటి దగ్గర కూర్చునే తనకు విమానాల మీద మనసు పడిందని ఆయన రాసుకున్నారు. నటుడు అజిత్ కుమార్‌కి రిమోట్ విమానాలంటే ఎంత ఇష్టమో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. నేను ఈ పిచ్చిలో పడింది మాత్రం వీళ్ళెవరినీ చూసి కాదు. మా పక్కవీధిలో ఇంజనీరింగ్ చదివే ఒక అన్న మేడ మీద థర్మాకోలు కోస్తుంటే చూసి పడ్డాను.

ఊరి మధ్యలో ఎగరేయడానికి లేదు. ఒకవైపు మీనంబాక్కం విమానాశ్రయం, ఇంకోవైపు తాంబరం వైమానిక స్థావరం. 2021లో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం ఎర్ర రంగు వేసిన ప్రాంతాల్లో ప్రభుత్వ అనుమతి లేకుండా ఏదీ ఎగరేయకూడదు. అది కాకపోయినా మా వీధిలో కరెంటు తీగల మధ్య గాలిపటానికే చోటు లేదు. అందుకని ఆదివారం పొద్దున్నే నాన్న, నేను కొరుక్కుపేటలో గుమ్మిడిపూండి ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కుతాం. రెక్క విప్పి, దుప్పటి సంచిలో పెట్టుకుని పోతాం. మా మేనమామ వాళ్ళ ఊరి దగ్గర ఎండిన చెరువు ఉంది, అక్కడ ఎగరేస్తాం. వానాకాలంలో నీళ్ళు నిండితే నాలుగు నెలలు ఈ ముచ్చట ఉండదు.

ఎగరేసే వాళ్ళందరికీ తెలిసిన ఒక సంగతి ఉంది. పడని విమానమంటూ లేదు. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళదైనా పడుతుంది. గాలి తిరుగుతుంది. గద్ద వచ్చి గుద్దుతుంది (ఇది నిజం, గద్దలకి తమ ఆకాశంలో ఇంకో రెక్క కనిపిస్తే కోపం). సర్వో లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రానికి ఒక పన్ను విరిగితే బల్ల మీద చక్కగా తిరుగుతుంది, గాల్లో ఒత్తిడి పడగానే జారిపోతుంది. పడటం ఎగరడంలో ఒక భాగమే కాబట్టి, ఈ ఆటలో సగం కాలం అతకడంలోనే పోతుంది. అతకడానికీ ఒక చదువు ఉంది. థర్మాకోలుకి ఫెవిక్విక్ వేస్తే అది థర్మాకోలునే తినేస్తుంది. ఎపాక్సీ వేస్తే గట్టిగా పట్టుకుంటుంది కానీ బరువు. తోకలో 10 గ్రాముల జిగురు చేరితే దాన్ని సరిచేయడానికి ముక్కులో 20, 25 గ్రాములు పెట్టాల్సి వస్తుంది. తోక దూరం, ముక్కు దగ్గర కాబట్టి. పార్కులో ఊగుడుబల్ల లెక్కే ఇది. అలా ప్రతి అతుకూ విమానాన్ని కొంచెం బరువెక్కిస్తుంది. నాది మొదట 740 గ్రాములు, ఇప్పుడు 830. బరువు నూటికి పన్నెండు పెరిగితే, పడిపోకుండా గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం నూటికి ఆరు దాకా పెరుగుతుంది. అంటే విరిగి అతుక్కున్న విమానం మునుపటి విమానంలా ఎగరదు. దాన్ని ఎగరేసేవాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఇక్కడే నా ప్రశ్న పుట్టింది.

నా విమానం కొత్తది కాదు. ఏడో తరగతి సెలవుల్లో, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాం. ఎర్రటి కవరింగ్ వేసి తళతళా మెరుస్తోంది. "పెద్దగా వాడలేదు" అన్నారు. అప్పటికి నాకు అడగడం కూడా తెలియదు. మూడో ఆదివారం చెరువులో మలుపు తిప్పుతుంటే ఎడమ రెక్క మధ్యలోంచి పుస్తకం మూసినట్టు మడుచుకుపోయింది. విమానం నిటారుగా కిందికి వచ్చింది. కట్టెపుల్లలు ఏరుకుంటున్న ఒక ముసలామెకి పదడుగుల దూరంలో ముక్కు నేలలో దిగింది. ఆమె పుల్లల మోపు కింద పడేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న పరుగెత్తాడు. ఆమెకేమీ కాలేదు. కాని ముప్పావు కిలో బరువు, ముందు తిరుగుతున్న ప్రొపెల్లరు, పదడుగులు. ఆ పదడుగులు నాకు చాలా రోజులు నిద్రలో వచ్చాయి.

ఇంటికి తెచ్చి ఎర్ర కవరింగ్ ఒలిచి చూశాం. కింద పాత విరుగుడు ఉంది. రెక్క లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక కార్బన్ గొట్టం పోవాలి. రెక్కకి అదే వెన్నెముక. అది సరిగ్గా ఆ చోట విరిగిపోయి ఉంది. దాన్ని కలపకుండా, పైనున్న ఫోమ్ అంచులను మాత్రం వేడి జిగురుతో అంటించి, మీద కవరింగ్ లాగేశారు. తిన్నగా ఎగిరినంతసేపూ అది నిలబడింది. మలుపులో సంగతి వేరు. విమానం 60 డిగ్రీలు వాలి ఎత్తు తగ్గకుండా తిరిగితే రెక్క మీద భారం రెట్టింపవుతుంది. అక్కడ ఆ జిగురు చేతులెత్తేసింది.

నాకు అమ్మినవాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందంటే, వాళ్ళింటికి పోయి అడుగుదామన్నాను. నాన్న ఒక మాట అన్నాడు. "వాళ్ళకి కూడా తెలియకపోవచ్చు కదా? వాళ్ళెవరి దగ్గర కొన్నారో." అప్పుడు నాకు కోపం తగ్గలేదు, ఇంకో రకంగా మారింది. ఒకడు దాచింది రెండోవాడి చేతికి పోతే, రెండోవాడు అబద్ధం చెప్పకుండానే అబద్ధాన్ని అమ్ముతాడు. మూడోవాడి నెత్తిన అది పడుతుంది. మొదటివాడు ఎవరో ఎవరికీ గుర్తుండదు.

ఇది బొమ్మల లోకంలోనే జరుగుతుందని అనుకోవద్దు. జపాన్‌లో 1978లో ఒక బోయింగ్ 747 దిగేటప్పుడు దాని తోక రన్‌వేకి రాసుకుంది. ప్రయాణికులుండే భాగంలోని గాలి ఒత్తిడిని ఆపే గోడ ఒకటి తోక దగ్గర ఉంటుంది. అది దెబ్బతింది, బాగు చేశారు. అతుకు దగ్గర ఒకే పలకగా వేయవలసినదాన్ని రెండు ముక్కలుగా వేశారు. దాంతో రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారం ఒక వరుస మీద పడింది. ఏడేళ్ళ పాటు అది ఎవరికీ పట్టుబడలేదు. 1985 ఆగస్టు 12న ఆ గోడ గాల్లో పగిలింది. 524 మందిలో 520 మంది పోయారు. ఇంకొకటి, 1980లో హాంకాంగ్‌లో తోక రాసుకున్న మరో 747. దాని గీతలు పడిన రేకును తీసేయకుండా, ఆ గీతల మీదే ఇంకో రేకు కప్పి రివెట్లు కొట్టారు. ఆ రేకు చాటున గీతలు పగుళ్ళయ్యాయి, పగుళ్ళు పెరిగాయి. 22 ఏళ్ళ తర్వాత, 2002 మే 25న, ఆ విమానం తైవాన్ దగ్గర సముద్రం మీద ముక్కలైంది. 225 మంది. ఆ రెండో దాని గురించి చదివినప్పుడు నాకు మా ఎర్ర కవరింగే కళ్ళ ముందు కనిపించింది.

ఆ బాగుచేసినవాళ్ళు ఎవరినో చంపాలని చేయలేదు. బహుశా "ఇది చాలులే" అనుకుని ఉంటారు. టోక్యో హనేడా విమానాశ్రయం దగ్గర 2006 నుంచి ఆ పగిలిన గోడను ఒక కేంద్రంలో పెట్టి చూపిస్తున్నారు. ఆ విమానాన్ని నడిపిన సంస్థే దాన్ని పెట్టింది. దాన్ని కరిగించేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, పెట్టింది.

ఇంతవరకూ చదివి, "అయితే అతుకు దాచడం తప్పు, అంతే కదా" అని మీరనుకుంటే అంత తేలిక కాదు. ఎందుకంటే మా నాన్న వృత్తే అతుకు దాచడం.

పాత చాకలిపేట ఎం.సి. రోడ్డు అంటే బట్టల కొట్ల వీధి, చాలామందికి తెలుసు. ఆ పక్క సందులో మా నాన్న టైలరు. కుట్టుపనితో పాటు రఫూ కూడా చేస్తాడు. చీరకి చిల్లు పడితే, అదే చీర లోపలి అంచు నుంచి దారాలు తీసి, సూదితో నిలువు పోగులు, అడ్డం పోగులు మళ్ళీ నేసినట్టు నేస్తాడు. పని అయ్యాక చిల్లు ఎక్కడుందో చీర కట్టుకునే ఆమె కూడా వెతుక్కోవాలి. ఎంత బాగా దాస్తే అంత మంచి పనివాడని పేరు. మరి మా నాన్న అబద్ధాలు నేస్తున్నాడా?

ఒకరోజు అడిగేశాను. నాన్న నవ్వి, కిందటేడు జరిగింది చెప్పాడు. ఒకాయన పట్టుచీర తెచ్చాడు. అగరువత్తి తగిలి చిన్న చిల్లు. రఫూ చేయమన్నాడు. మాటల్లో తెలిసిందేమంటే, దాన్ని కట్టనట్టు కొట్లో వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవాలని ఆయన ఆలోచన. నాన్న చెయ్యనన్నాడు. ఆ రోజు 400 రూపాయల పని పోయింది. "చీర కట్టుకునేవాళ్ళకి చిల్లున్నట్టు తెలుసు. పెళ్ళిలో పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియకపోతే వాళ్ళకేం నష్టం? కానీ రేపు కొనేవాళ్ళకి తెలియకపోతే వాళ్ళు డబ్బు పోగొట్టుకుంటారు" అన్నాడు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

నాకు తెలివైన జవాబు అక్కడ దొరికింది. అతుకు కనపడాలా వద్దా అనేది అసలు ప్రశ్న కాదు. ఎవరి దగ్గర దాస్తున్నాం అనేదే ప్రశ్న. చూసిపోయేవాళ్ళకి చెప్పనక్కర లేదు. దాని మీద తన బరువు మోపేవాళ్ళకి చెప్పి తీరాలి. మా అమ్మమ్మ ఇంట్లో ఇత్తడి బిందెకి అడుగున మాటు వేసి ఉంటుంది. అది నిగనిగలాడుతూ అందరికీ కనిపిస్తుంది, ఎవరూ సిగ్గుపడరు. రఫూ కనపడదు, దాంట్లోనూ తప్పు లేదు. ఎర్ర కవరింగ్ తప్పు, దాని కింద ఏముందో ఎగరేయబోయేదానికి చెప్పలేదు కాబట్టి. చెప్పి ఉంటే ఎర్రటిదైనా పచ్చటిదైనా నాకు ఒకటే.

పెద్ద విమానాలకి లాగ్ బుక్ ఉంటుంది. ఎన్ని గంటలు ఎగిరింది, ఏది విరిగింది, ఏది మార్చారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. విమానం చేతులు మారితే పుస్తకమూ మారుతుంది. మా ఇంట్లో ఒక రూళ్ళ నోటుపుస్తకానికి అట్ట వేసి నేనూ ఒకటి మొదలుపెట్టాను. ఇప్పటికి అందులో పదకొండు పడటాలున్నాయి. ఉదాహరణకి నాలుగోది: గద్ద, కుడి రెక్క చివర, ఫోమ్ మార్చాను, బరువు 6 గ్రాములు ఎక్కువ. ఏడోది: సర్వో పన్ను, తోక, రిచీ వీధిలో లోహపు పళ్ళదాన్ని కొని వేశాను. తొమ్మిదోది అందరికంటే చెడ్డది. దిగేటప్పుడు గాలి తోసి రాయికి కొట్టింది, బ్యాటరీకి సొట్ట పడింది. లిథియం పాలిమర్ బ్యాటరీకి మాత్రం అతుకు లేదు. సొట్ట పడ్డాక పైకి బాగానే ఉంటుంది, ఛార్జి పెట్టినప్పుడు ఎప్పుడో ఒకరోజు మంట పట్టుకోవచ్చు. మా ఇల్లు ఒకటే గది. బియ్యం, బట్టలు, తమ్ముడు, అన్నీ అక్కడే. ఆ బ్యాటరీ పక్కన పెట్టేశాం. అది అప్పట్లో 1,600 రూపాయలు.

పోయిన జనవరిలో ఆ విమానం అమ్మాలనుకున్నాను. బాల్సా కర్రతో చేసే కిట్ ఒకటి కొనాలని ఆశ. విమానం, రిమోట్, ఛార్జరు కలిపి 5,000 వస్తుందని లెక్క వేశాం. మైదానంలో పరిచయమైన ఒకాయన సలహా ఇచ్చాడు. "తంబీ కాదు, పాపా, మంచి కవరింగ్ వేసి ఇచ్చెయ్. ఎవరు విప్పి చూస్తారు? పుదుపేట్టలో సామాను కొనేవాళ్ళు కథ అడుగుతారా?" పుదుపేట్ట సంగతి నిజమే. అక్కడ పాత బళ్ళ విడిభాగాలు కొనేవాళ్ళకి అది పాతదని ముందే తెలుసు, తట్టి చూసుకుని కొంటారు. కానీ నా దగ్గరికి వచ్చింది పెరంబూరు నుంచి ఆరో తరగతి అబ్బాయి, వాళ్ళ నాన్న. ఆ అబ్బాయి ప్రొపెల్లర్‌ని వేలితో తిప్పుతూ "అక్కా, ఇది ఎంత ఎత్తు పోతుంది?" అని అడుగుతున్నాడు. నేను నోటుపుస్తకం ఇచ్చాను. వాళ్ళ నాన్న పేజీలు తిప్పాడు, మర్యాదగా మూశాడు. "పదకొండు సార్లా! వద్దులేమ్మా, వీడికి వేరేది చూస్తాను" అన్నాడు. తర్వాత తెలిసింది, ఇంకొకరి దగ్గర పాతదే ఒకటి కొన్నారట. దానికి పుస్తకం లేదు.

ఇది నన్ను చాలా రోజులు తొలిచింది. ఆ రెండో విమానం ఎన్నిసార్లు పడిందో ఎవరికీ తెలియదు. మూడుసార్లు కావచ్చు, ముప్పైసార్లు కావచ్చు. కానీ నా పుస్తకంలో 11 అని ఉంది, అక్కడ ఏమీ లేదు. ఏమీ లేనిచోట జనం సున్నా అని చదువుకుంటారు. చెప్పినవాడి లెక్క బయట పడుతుంది, చెప్పనివాడికి లెక్కే ఉండదు. మా అమ్మ "ఆ పుస్తకం చూపించకపోతే ఈపాటికి నీ కర్ర విమానం వచ్చి ఉండేది" అంది. ఎగతాళికే అంది గానీ, అందులో అబద్ధమేమీ లేదు. నిజం చెప్తే మంచి జరుగుతుందని మన పాఠాల్లో చాలా కథలున్నాయి. నాకు 5,000 రూపాయలు రాలేదు.

దీని గురించి ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. నిజం చెప్పడం ఒక్కటే సరిపోదు, వినేవాళ్ళకి దాన్ని తూచడం కూడా తెలియాలి. పదకొండు సార్లు పడిందని విన్న ఆయన, ప్రతి అతుకునూ ఎలా పరీక్షించామో అడగలేదు. రెక్కను తలకిందులుగా పెట్టి, మధ్యలో ఆనించి, రెండు వైపులా ఇసుక సంచులు పెడతాం. విమానం బరువుకి మూడింతలు, అంటే రెండున్నర కిలోలు పెట్టి, అది వంగి మళ్ళీ తిన్నగా అవుతుందా అని చూస్తాం. పుస్తకంలో అదీ రాసి ఉంది. విమానాలు కొనని ఆయనకి అది అర్థం కాకపోవడంలో ఆయన తప్పు కూడా లేదు. పిల్లాడి క్షేమం చూసుకున్నాడు. అయినా ఆయన క్షేమం అనుకుని తీసుకుపోయింది ఏమిటో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు.

వస్తువుల దగ్గర ఆగిపోతే ఈ వ్యాసం ఇక్కడికి అయిపోవాలి. కానీ మనుషులు కూడా విరుగుతారు, అతుక్కుంటారు. వాళ్ళకీ లాగ్ బుక్ ఉండాలా?

మా పిన్నికి చిన్నప్పుడు గుండెలో రంధ్రం ఉంటే ఆపరేషన్ చేసి మూశారు. ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. సంబంధాలు చూసే రోజుల్లో ఇంట్లో రోజూ గొడవ. "వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, మనం ఒక్కటి దాస్తే ఏం?" అని అమ్మమ్మ. ఈలోగా వీధిలో ఒకామె, అడగకుండానే, చూడవచ్చిన ఒక ఇంటివాళ్ళకి ఈ సంగతి చెప్పేసింది. ఆ సంబంధం పోయింది. పిన్ని ఆ రోజు ఏడ్చినట్టు నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత వచ్చిన సంబంధంలో పిన్నే స్వయంగా ఆ అబ్బాయితో చెప్పింది. ఆయన విని, "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అని ఒక్కటే అడిగాడు. రాదని చెప్పింది. పెళ్ళయింది, నెల్లూరులో ఉంటున్నారు.

వీధిలో ఆమె చెప్పిందీ నిజమే, పిన్ని చెప్పిందీ అదే నిజం. అయినా ఒకటి దొంగతనంలా ఉంది, ఒకటి ధైర్యంలా ఉంది. విమానం పుస్తకం ఎవరైనా తిప్పి చూడవచ్చు, విమానానికి సిగ్గు లేదు. మనిషి పుస్తకం మనిషి చేతిలోనే ఉండాలని నాకనిపిస్తుంది. తెరవడం ఆ మనిషి పని. అయితే ఆ మనిషి మీద ఇంకొకళ్ళ ప్రాణం ఆధారపడి ఉంటే? స్కూలు వ్యాను నడిపే ఆయనకి రాత్రిపూట చూపు ఆనకపోతే, అది ఆయన సొంత సంగతి అని ఊరుకోలేం. ఇరవైమంది పిల్లల బరువు ఆ కళ్ళ మీద ఉంది. ఒక ఏడాది పరీక్ష పోయి మా తరగతిలోకి వచ్చిన అమ్మాయి విషయం అలాంటిది కాదు. ఆమె ఎక్కడ తప్పిందో తెలుసుకుని మాకు ఒరిగేదేమీ లేదు. మా బెంచీలో కొందరు మాత్రం అదే పనిగా అడిగారు. వాళ్ళు మోపే బరువేమీ లేదు, ఉత్త కుతూహలం. మనిషికీ ఫోముకీ ఇంకో తేడా కూడా ఉంది. ఫోమ్ అతుకు ఎన్నేళ్ళయినా అతుకే. విరిగిన ఎముక మాత్రం కొన్నాళ్ళకి అతుకు అన్నది లేకుండా ఎముకే అయిపోతుంది. అప్పుడు కూడా "విరిగినది" అని పిలుస్తూ ఉండటం నిజం చెప్పడం అవుతుందా? దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది.

ఇంకొకళ్ళు మిగిలారు. వాళ్ళ గురించి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. విమానం కొనేవాళ్ళకి చెప్పాం, ఎగరేసేవాళ్ళకి తెలుసు. కింద నడిచిపోయేవాళ్ళో? వాళ్ళు కొనలేదు, అడగలేదు, పుస్తకం చూడలేదు. పడితే వాళ్ళ మీదే పడుతుంది. పుల్లలు ఏరుకునే ఆమె ఎవరి ఆటకీ ఒప్పుకోలేదు. బరువు మోపేవాళ్ళలో ఆమెను లెక్క పెట్టకపోతే నా జవాబు మొత్తం డొల్లే.

అందుకని ఇప్పుడు చెరువులో కాలిబాట వైపు నాన్న పచ్చ తువ్వాలు పట్టుకుని నిలబడతాడు. ఎవరైనా వస్తే ఊపుతాడు, నేను దింపేస్తాను. ఒక్కోసారి బ్యాటరీ సగం ఉండగానే దింపాల్సి వస్తుంది, విసుగే. పోయిన నెలలో మేకలు తోలుకుంటూ ఒక తాత వచ్చాడు. ఆ పక్క ఊళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, ఆయనా తెలుగే. కాసేపు పైకి చూసి, "ఏం పాపా, ఇది పడదు కదా?" అని అడిగాడు.

"పడుతుంది తాతా. పదకొండుసార్లు పడింది. నేను దింపేదాకా ఆ చెట్టు కిందే ఉండు" అన్నాను.

ఆయన నవ్వి, మేకల్ని అదిలించి తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. నేను దింపేదాకా అక్కడే ఉండి, దింపాక దగ్గరికొచ్చి, రెక్క మీది అతుకుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూసి వెళ్ళాడు.